బొమ్మ లేనిచోట మేక

మా రియాషో ఊళ్లో ఇంటింటికీ ఉత్తరాలు పంచిన చివరి మనిషి నాల్దో. ఎండలో సైకిలు తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాక ఆ ఉద్యోగం మానేసి, లైబ్రరీ వెనక గదిలో ఉన్న పాత కంప్యూటర్లను నెత్తిన వేసుకున్నాడు. ఏదో ఆఫీసువాళ్లు వద్దని పారేస్తే మాకు వచ్చినవి అవి. ఎవరి అనుమతీ అడగక్కర్లేని తేలికపాటి సాఫ్ట్‌వేర్ ఒకటి వాటిలో ఎక్కించి, రమ్మని ఊరందర్నీ పిలిచాడు. నా రొట్టెల కొట్టు ఆ గదికి ఆనుకునే ఉంటుంది. అక్కడ ఎవరు తుమ్మినా నాకు వినిపిస్తుంది.

అందరికంటే ముందు వచ్చింది ముసలావిడ దోనా సెవెరినా. ఆవిడకి అక్షరం ముక్క రాదు గానీ, చప్పట్లు కొట్టి పాడే మా కోకో పాటలకు ఈ చుట్టుపక్కల ఆవిడని మించినవాళ్లు లేరు. నాల్దో ఆవిడ చేత పాడించి, ఆ పాటలన్నీ కంప్యూటర్లో దాచిపెట్టాడు. ఆవిడ రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి, తన గొంతు తానే విని, "ఇక్కడ శృతి తప్పాను చూడు" అని తనని తానే తిట్టుకుని వెళ్లేది.

ఒకరోజు వచ్చేసరికి పాటలు లేవు. నాల్దో అంతా వెతికాడు.

"పాటల్ని మీరేమైనా చేశారా దోనా సెవెరినా?"

"నేనేం చేస్తాను నాయనా, జాగ్రత్తగా బుట్టలో పెట్టాను."

"ఏ బుట్టలో?"

"అదిగో, తెర మీద ఆ మూలనున్న బుట్టలో. మా ఇంట్లో చిక్కుళ్లు దాచుకునేది అచ్చం అలాంటి దాంట్లోనే."

నాల్దో తల పట్టుకున్నాడు. అది చెత్తబుట్ట. శుక్రవారం కంప్యూటర్లు సర్దుతూ దాన్ని ఖాళీ చేసింది తనే. ఆ ముసలావిడ లేచి, "సరేలే, మళ్లీ పాడతాను. ఈసారి శృతి తప్పను" అంది. ఆ మాటకి నాల్దో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే కితేరియా ఇంటికి బయల్దేరాడు.

కితేరియా చెక్క మీద కత్తితో బొమ్మలు చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు వేస్తుంది. సంతల్లో ఆమె బొమ్మలకు మంచి గిరాకీ. ఆమె నోటికి జడిసి బేరమాడే ధైర్యం ఎవరూ చేయరు. ఆమె, నాల్దో చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఆ బెంచీ దగ్గర మొదలైన పోట్లాట ఇంకా తెగలేదు.

"ఏంటి నాల్దో, ఉద్యోగం మానేశాక కూడా నా గుమ్మం వదలవా?"

"పని పడి వచ్చాను. దీన్నొకసారి చూడు. వీటి బదులు మనవాళ్లు గుర్తుపట్టే బొమ్మలు చెక్కివ్వాలి." కంప్యూటరు తెర మీద ఒక్కో పనికీ గుర్తుగా ఉండే చిన్న చిన్న బొమ్మలన్నీ కాగితం మీద అచ్చు తీసుకెళ్లాడు.

"ఈ చదరపు ముక్కేంటి?"

"దాచిపెట్టడానికి గుర్తు. వెనకటికి ఫ్లాపీలని అలాంటి బిళ్లల్లో దాచేవాళ్లు."

"మన ఊళ్లో ఎవరైనా చూశారా దీన్ని?"

"నేను చూశాను. ఒకసారి. దూరం నుంచి."

కితేరియా నవ్వు ఆపుకుంటూ కాగితం లాక్కుంది. రెండు నెలల పాటు ఆమె ఇంట్లోంచి చెక్క పొట్టు వీధిలోకి వచ్చి పడింది. దాచడానికి తాళం పెట్టె చెక్కింది. వెతకడానికి నేలకు ముక్కు ఆనించిన బక్క కుక్కని చెక్కింది. పాటలకు అకార్డియన్, శబ్దానికి పెద్ద డోలు. చెత్తబుట్ట బదులు మెడ వంచి కూర్చున్న రాబందు.

"ఇంకొకటి కావాలి" అన్నాడు నాల్దో. "అడిగిన బొమ్మ ఎక్కడా దొరకనప్పుడు దాని చోట చూపించే బొమ్మ."

"దొరకనిదాన్ని ఎలా చెక్కను?" అని కసిరింది గానీ, మర్నాటికల్లా తాడు తెంపుకున్న మేకని చెక్కి తెచ్చింది. తెగిన కొస ఇంకా నోట్లోనే వేలాడుతోంది. "మన ఊళ్లో ఏది కనబడకపోయినా తిన్నది మేకే కదా!"

పేర్ల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. కితేరియా ప్రతి బొమ్మ కిందా తన చేత్తో పేరు రాసింది. రాబందు మహారాజు. దొంగముక్కు కుక్క. పెళ్లింటి డోలు.

"ఇవి కుదరవు కితేరియా. కంప్యూటరు ఏ పేరుతో పిలుస్తుందో అదే పేరు పెట్టాలి. ఇంగ్లీషులో, అన్నీ చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు, మాటకీ మాటకీ నడుమ అడ్డగీత."

"నా రాబందుకి ఇంగ్లీషు పేరా? నా బిడ్డలకు పేరు పెట్టేది నేను. ఇంకో మాట. నా వాటి మధ్య పరాయి బొమ్మ ఒక్కటి కనిపించినా ఊరుకోను."

వీధి కుక్కలన్నిటితో వాదించి గెలిచిన నాల్దో ఆమె ముందు ఓడిపోయాడు. అచ్చులకు ఫొటోలు తీసి కంప్యూటర్లో ఎక్కించి, ఆమె చెప్పిన పేర్లే పెట్టాడు. 'ఇందులో లేనివి ఫలానా బొమ్మల కట్ట నుంచి తెచ్చుకో' అని కంప్యూటరుకి చెప్పే వరస కూడా తీసేశాడు. మేకకి మాత్రం ఆమె పేరు రాయడం మర్చిపోయింది. దానికి తనే పద్ధతి ప్రకారం పెట్టాడు.

జూన్‌లో సావో జొవావ్ పండగ రోజు పగటిపూట ప్రారంభం పెట్టుకున్నారు. నేను మొక్కజొన్న కేకులు పట్టుకెళ్లాను. అకార్డియన్ వాయించే అతను గుమ్మంలో కూర్చున్నాడు. చివరి అచ్చులు ఆ ఉదయమే చేతికొచ్చాయి, సరిచూసుకునే తీరిక నాల్దోకి దొరకలేదు. గోడ మీద పెద్ద తెర కట్టి, మీట నొక్కాడు.

తెర నిండా మేకలు.

పైన వరసలో మేకలు, కింద వరసలో మేకలు. కంగారుపడి ఒకదాన్ని నొక్కితే జాబితా తెరుచుకుంది. దాన్నిండా ఒకదాని కింద ఒకటి మేకలు, అన్నీ తెగిన తాడు నములుతూ.

అప్పుడు దోనా సెవెరినా ముందుకొచ్చి, "అయ్యో, ఎంత మంద! ఎవరివయ్యా ఇవన్నీ, తోలుకెళ్లండి!" అంది.

ఇక నవ్వులు ఆగలేదు. "కితేరియా, పాలు పితకడానికి చెంబు తెమ్మంటావా?" అని ఎవరో అరిచారు. కితేరియా ముఖం కందగడ్డలా అయింది. నాల్దో పక్కకి వెళ్లి పళ్లు కొరుకుతూ అడిగింది.

"నా రాబందు ఏదీ?"

"లోపలే ఉంది. నువ్వు పెట్టిన పేరుతోనే ఉంది. ఆ పేరు పెట్టి ఎవరూ పిలవట్లేదు, అంతే."

"మరి ఈ మేక?"

"దానొక్కదానికే అసలు పేరుంది. అందుకే అందరి బదులూ అదే పలుకుతోంది."

కితేరియా తెర వైపు చూసింది. నాల్దో చెమట ముఖం వైపు చూసింది. ముందు ఆమె భుజాలు కదిలాయి, ఆ తర్వాత పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కుర్చీ లాక్కుని కూలబడింది. "సరే, మార్చు. అందరి ముందే మార్చు. నేను కదలను."

పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె ఒక్కో అచ్చు అందించడం, అతను కొత్త పేరు కొట్టడం. డోలు దగ్గర ఆమెకి అనుమానం వచ్చింది.

"శబ్దానికి నేను చెక్కింది ఒకటే. కంప్యూటరు పెద్ద శబ్దం, చిన్న శబ్దం అని వేరువేరుగా అడుగుతుందన్నావుగా?"

"ఉత్తరం ఇవ్వడానికి వెళ్తే మనిషి ఇంట్లో లేడనుకో, ఏం చేసేవాణ్ణి? వాళ్లమ్మకి ఇచ్చేవాణ్ణి. ఆవిడా లేకపోతే తాతకి. ఇదీ అంతే. మన మాటల్లో చెప్పాలంటే, 'శబ్దం-స్థాయి-పెద్ద' అని అడుగుతుంది. ఆ పేరుతో బొమ్మ లేకపోతే తోక కోసేసి 'శబ్దం-స్థాయి' అంటుంది. అదీ లేకపోతే ఉత్త 'శబ్దం'. అక్కడ నీ డోలు కూర్చుని ఉంటుంది."

"అందుకా మాటల మధ్య గీతలు!"

"అందుకే. ఎక్కడ కోయాలో తెలియాలిగా."

"మరి తాత కూడా లేకపోతే?"

"ఇతరుల బొమ్మల్లో వెతుకుతుంది, నువ్వు ఒప్పుకుంటే. అక్కడా లేకపోతే మేక."

కితేరియా పెదవి కొరుక్కుంటూ ఆలోచించింది. "సరే. పరాయివాటిని వెనక వరసలో కూర్చోనీ."

నాల్దో ఆ ఒక్క వరసా తిరిగి రాసి, మీట నొక్కాడు. మేకలు మాయమయ్యాయి. మూలన రాబందు మెడ వంచి కూర్చుంది. కుక్క ముక్కు ఆనించింది, పెట్టె తాళంతో మెరిసింది. జనం కొట్టిన చప్పట్లకి లైబ్రరీ కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

దోనా సెవెరినాని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆవిడ రాబందుని చూడగానే వేలు వెనక్కి తీసుకుంది. "దీని నోట్లో నా పాటలు పెడతానా? చచ్చినా పెట్టను." వెతుక్కుని అకార్డియన్ మీద నొక్కింది. మళ్లీ పాడి దాచిన ఆవిడ గొంతు గది నిండా పలికింది. గుమ్మంలో ఉన్న అతను స్వరం అందుకున్నాడు. బల్లలు గోడకి జరిపారు. నాల్దో అరిగిన మోకాళ్లతోనే ఆడదాం రమ్మని కితేరియా ముందు చేయి చాచాడు. "నా కాలు తొక్కావో, ఆ కత్తి ఇంకా నా సంచిలోనే ఉంది" అంటూ లేచిందామె.

ఆగస్టులో సముద్రం ఒడ్డు నుంచి పీతలు పట్టే ఆడవాళ్ల సంఘం తరఫున ఒకామె వచ్చింది. వాళ్లకీ అలాంటి గదే ఉందట. వాళ్లకి కావాల్సిన పడవలూ, వలలూ, పీతలూ వాళ్లే గీసుకుంటారట. మిగతావాటికి కితేరియా బొమ్మలు వెనకాల పెట్టుకోనిస్తారా అని అడిగింది. కితేరియా వెంటనే ఔనలేదు. "పీతని ఎటు నుంచి గీస్తున్నారు, పైనుంచా, పక్కనుంచా?" అని అడిగింది. పైనుంచి అనగానే, "తప్పు. నేనే వస్తాను" అంది.

నాల్దోని వెంటేసుకుని బస్సెక్కింది. నేర్పడానికి వెళ్లిన మనిషి ఒడ్డున కూర్చుని పీతల పులుసు తాగి, బురదలో నడవడం నేర్చుకుందట. వచ్చే ముందు వాళ్ల తెర మీద పడవకీ వలకీ మధ్య తన కుక్క నేలకు ముక్కు ఆనించి కనబడిందట. ఒక ముసలి జాలరి "ఇదెవరి కుక్క? మా ఊరిది కాదే" అన్నాడట. కితేరియా "నాదే, ఇక్కడే ఉండనివ్వండి" అందట. ఇదంతా ఆమె ఇప్పటికి చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ ఆ ముసలాయన ఇంకాస్త పొడుగవుతున్నాడు.

తిరిగొచ్చిన రోజు పొద్దున్న ఇద్దరూ నా కొట్టు ముందు బస్సు దిగారు. చేతిలో గోనె సంచి కదులుతోంది.

"మూతి సరిగ్గా కట్టమన్నాను కదా నాల్దో!"

"కట్టాను. నువ్వే విప్పి చూశావు."

"చూడకపోతే బతికున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?"

అప్పటికే ఒక పీత నా రొట్టెల బల్ల కిందకి దూరింది. ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని దానికోసం చేతులు చాస్తూ, ఒకరినొకరు తిట్టుకుంటూ నవ్వుతున్నారు. నేను పొయ్యి మీద కుండ పెట్టాను.