మట్టి గోడకు సిమెంటు పూత

మా అక్క ఇంటి పడమటి గోడను కూల్చింది వాన కాదు, మీరు. "పక్కా ఇల్లు" అన్న రెండు ముక్కలు పట్టుకుని వేలాడే ఆఫీసు వాళ్లు.

మా బావ తాపీమేస్త్రీ. బతుకంతా ఊరివాళ్లకు సిమెంటు ఇళ్లు కట్టి, తనకు మాత్రం మట్టి ఇల్లు కట్టుకున్నాడు. చౌకగా అవుతుందన్నది నిజమే. కానీ ఎండాకాలం సిమెంటు గది పెనంలా కాలుతుందని కట్టినవాడికి తెలియదా? పునాది తవ్విన మట్టిలోనే ఇసుక, గడ్డి కలిపి అక్కా ఆయనా కలిసి తొక్కారు. రాతి పునాది మీద మూరెడు మందాన గోడలు లేపారు. పైన సున్నం పూత, అంతే.

ఇక కావలసింది కరెంటు. అది పక్కా ఇల్లేనని మీ ఆఫీసు రాసిస్తేనే కనెక్షనట. అక్క కుట్టుమిషన్‌కు మోటారు బిగించుకుంది. అది తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

తనిఖీకి మీ అధికారి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. చెమటలు కక్కుతూ లోపలికి వచ్చినవాడు చొక్కా పైగుండీ విప్పి, మంచినీళ్లు తాగి, గోడకు వీపు ఆనించి చక్కగా కునుకు తీశాడు. లేచాక ఏసీ ఎక్కడ పెట్టించారని అడిగాడు. కరెంటే ఇవ్వలేదని అక్క గుర్తు చేసింది. అంత హాయి అనుభవించి ఆయన ఇచ్చిన తీర్పు ఇది:

"మట్టి మట్టేనమ్మా. లోపలా బయటా సిమెంటు పూత కొట్టించండి, కనెక్షన్ ఇస్తాం."

"సిమెంటు వేస్తే గోడకి ఊపిరాడదు సార్," అన్నాడు బావ. "లోపలి తడి బయటికి పోదు."

"గోడకి ముక్కు కూడా పెట్టావా ఏంటయ్యా?"

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. పైవాడి జోకుకు నవ్వకపోతే నౌకరీ నిలవదు మరి.

బావ ససేమిరా అన్నాడు. వాళ్లు వెళ్లాక అక్క మిషన్ మీద చెయ్యి వేసి ఆయన వంక చూసింది.

"నీ గోడ ఊపిరి పీలుస్తుంది, సరే. మరి మనం ఏం తిని పీల్చాలి?"

మర్నాడు బావే సున్నం చెక్కి సిమెంటు పూశాడు, తన వేలితో తన కన్ను పొడుచుకున్నట్టు.

కరెంటు వచ్చింది. అధికారి వచ్చి ఇంటి ముందు ఫోటో దిగాడు. తర్వాత వానలూ వచ్చాయి. పూత సన్నగా పగిలింది. పగుళ్లలోంచి దూరిన నీళ్లకు బయటికి దారి లేదు. పడమటి గోడ ఉబ్బి ఉబ్బి, ఒక పొద్దున మెత్తగా కూర్చుండిపోయింది. కుట్టుమిషన్ దాని కింద నలిగింది. అక్క పెరట్లో పళ్లు తోముకుంటోంది కాబట్టి మిగిలింది.

అదే అధికారి మళ్లీ వచ్చాడు. ఈసారి గడప దాటలేదు. మట్టి ఇల్లు ప్రమాదకరమట, మిగతా మూడు గోడలూ రేపు కూలుస్తారట. విషం తాగించిన వైద్యుడు రోగి ఒంట్లో సత్తువ లేదన్నట్టు.

ఆ మూడు గోడలూ ఇంకా నిలబడే ఉన్నాయి. రేపు మనుషుల్ని పంపండి, వద్దనం. గునపాలతో కాదు, ఉలీ సుత్తీ ఇచ్చి పంపండి. మీరు పూయించిన సిమెంటును మీ ఖర్చుతోనే గీకించండి. గోడలు ఆరనివ్వండి. పడ్డ గోడ లేపించండి, మిషన్ కొనివ్వండి. సున్నం పూత చాలని కాగితం మీద రాసి సంతకం పెట్టండి. మబ్బు పట్టింది. మీ ఫైలు కదిలేదాకా అది ఆగదు. ఈ పూటే మొదలుపెట్టండి.