డిక్కీ తలుపు మీద నీళ్ళు

అక్క మొగుడంటే ఆమెకు ఒళ్ళుమంట. కార్లకు రంగులు వేసే తమ షెడ్డులో నెత్తికి గుడ్డ టోపీ తగిలించుకుని, ఏ రేకునైనా ముట్టుకునే ముందు ఆపరేషన్ డాక్టరులా మోచేతుల దాకా సబ్బు రుద్దుకునేవాడు.

"బావా, కారుకు రంగు వేస్తావా, కాన్పు చేస్తావా?" అనేది.

"ఏది ముందొస్తే అది, మరదలా," అని నవ్వేవాడు. పనికిమాలినవాళ్ళకే అంత ఓపిక ఉంటుందని ఆమె నమ్మకం.

నాన్నకు చూపు తగ్గింది. రంగు చిమ్మే గన్ను ఇక ఎవరో ఒకరికి అప్పగించాలి. ఒక కారు తెచ్చి, పక్క తలుపులు అల్లుడికి, బానెట్టూ డిక్కీ తలుపూ కూతురికి ఇచ్చాడు. మచ్చ పడకుండా తేల్చినవాళ్ళదే గన్ను.

అల్లుడి తలుపులు ముందు అయ్యాయి. రంగు నారింజ తొక్కలా గరుకుగా వచ్చింది.

"రంగు వేశావా, సున్నం కొట్టావా?" అని ఆమె పెదవి విరిచింది.

తరువాత తను గన్ను పట్టింది. చెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు. నల్ల రంగు బానెట్టు మీద అద్దంలా పరుచుకుంది. చూశావా అన్నట్టు బావ వైపు ఓ చూపు విసిరి ఇటు తిరిగేసరికి, ఆ అద్దం నిండా మిరియపు గింజలంత గుంటలు. ఒక్కో గుంట కళ్ళముందే వెడల్పవుతోంది. రంగు అంచులకు పారిపోతుంటే అడుగున ప్రైమరు బయటపడుతోంది.

"నీ తలనూనే! ఆ బుర్ర నా బానెట్టు మీదికి వంచావు!"

"టోపీలోంచి కారిందా?"

"లోపల ఉన్నదంతా అదేగా, కారక ఏం చేస్తుంది!"

"అరవకండి," అన్నాడు నాన్న. "తడి రంగు పైపొర నాలుగువైపులా సమానంగా లాగుతుంటేనే నిలుస్తుంది. జిడ్డున్న చోట ఆ లాగుడు తగ్గిపోతుంది. చుట్టూ ఉన్న పొర రంగును తన వైపు గుంజుకుంటుంది. జిడ్డు ఎవరిదో నీళ్ళే చెబుతాయి."

ఆమె పొద్దున బానెట్టుతో పాటే తుడిచి సిద్ధం చేసిన డిక్కీ తలుపు ఇంకా రంగు పడకుండా ఉంది. నాన్న దాని మీద చెంబుడు నీళ్ళు పోశాడు. నీళ్ళు పలచగా పరుచుకున్నాయి. ఒక్కచోట మాత్రం వెనక్కి తగ్గి బొట్లుగా ముడుచుకున్నాయి. ఆ చోటుకు అయిదు వేళ్ళున్నాయి.

"దొరికావు!" అంది.

బావ తన అరచేతిని దాని మీద తాకకుండా పట్టాడు. గుర్తంతా ఆ పెద్ద చేతి కింద దాగిపోయింది.

"ఇప్పుడు నీది పెట్టు, మరదలా."

ఆమె పెట్టలేదు. గుర్తులో చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు తలుపు సందులో నలిగిన తన వేలే అది. రంగు పలచన చేసే థిన్నరుకు పగిలిన చేతులకు పొద్దున రాసుకున్న క్రీము వాసన ఇంకా పోలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటే చాలని అప్పుడు అనుకుంది.

నాన్న గన్ను అల్లుడి చేతిలో పెట్టాడు. "గరుకైతేనేం, నిలిచింది. అమ్మాయ్, బానెట్టు తుడిచి మళ్ళీ మొదటికి తీసుకురా."

ఆమె గుడ్డ అందుకుంది. రెండు రుద్దులు రుద్ది తల తిప్పింది.

"గన్నును గరిటెలా పట్టుకోకు బావా, చూడలేక చస్తున్నాను."

"ఎలా పట్టుకోవాలో చూపించు మరి," అని గన్ను ముందుకు చాచాడు.

ఆమె చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది.

"ఉండు," అని గొణిగి, సబ్బు ఉన్న కుళాయి వైపు నడిచింది. వెనకనుంచి అతను నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ పరమ అసహ్యం.