కట్టని స్టేడియం నీడ

రోజూ ఎనిమిదిన్నరకి సున్నం మామ బకెట్లో సున్నం కలుపుతాడు. యూనివర్సిటీ గ్రౌండులో ముప్పై ఏళ్లుగా తెల్లగీతలు గీసేది ఆయనే కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. తొమ్మిదేళ్ల కింద ఆయనకి ఇంకో పని తగిలించారు. సరిగ్గా తొమ్మిదింటికి, ఇంకా కట్టని స్టేడియం నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి, దాని అంచు వెంట గీత గీసి, కొలత రిజిస్టర్లో రాయాలి.

అవును, కట్టని స్టేడియమే. ఏదో పెద్ద క్లబ్బు వాళ్లొచ్చి, గ్రౌండు ఇస్తే ముప్పై వేల సీట్లతో కడతామన్నారు. ఏడాదికి పాతిక మ్యాచులు తమవి, మిగతా రోజులు పిల్లలవి అన్నారు. చర్చ మొదలైన మర్నాడే నీడ పడింది. కట్టాలనేవాళ్ల మాట చెల్లిన రోజు సాగుతుంది, వద్దనేవాళ్లు గట్టిగా నిలబడ్డ రోజు తగ్గుతుంది. స్టేడియం వద్దని సంతకాలు పెట్టించుకునే బల్ల కూడా ఆ నీడలోనే వేశారు. ఏం చేస్తారు పాపం, ఎండ మండిపోతోంది కదా!

ఆ చర్చ మాత్రం ఎంతకీ తెగదు. కమిటీ, దాని మీద ఇంకో కమిటీ. చరిత్ర పాఠం చెప్పే మేడమ్ లేచి, "ఇది చదువుకునే చోటా, టిక్కెట్లు అమ్ముకునే చోటా?" అని నిలదీస్తే నీడ నాలుగడుగులు తగ్గేది. రిజిస్ట్రారు గారు లేచి, "హాస్టళ్లు కారుతున్నాయి, బాగుచేయడానికి మీ దగ్గర ఉపాయం ఉందా?" అంటే ఐదడుగులు సాగేది. ఇద్దరూ చెప్పేది నిజమే, అదే వచ్చిన చిక్కు.

నీడ ఇంటిదాకా రానంతకాలం సున్నం మామ ఆ గొడవ పట్టించుకోలేదు. గ్రౌండుకి పడమటి పక్క రెండు గదుల క్వార్టరు ఆయనది. భార్య కుట్టుపని చేస్తుంది. ఆమెకి వేళ్లు బిగుసుకుపోయే జబ్బు. పొద్దుటి ఎండలో గంటసేపు కూర్చుంటేనే అవి విచ్చుకుని సూది పట్టుకుంటాయి. మందులన్నీ అయిపోయాయి, మిగిలింది ఆ ఎండే. ఈ ఏడాది నీడ తరుముతుంటే ఆమె కుర్చీ రోజుకింత వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది.

"నిన్నంతా కలిపి ఒక్క బొత్తాం కుట్టానయ్యా," అందామె. "అదీ ఊడిపోయింది."

ఆయన నోట్లో నాలుక లేని మనిషి, అయినా లేచి చరిత్ర మేడమ్ గదికి వెళ్లాడు. ఆవిడా ఒకప్పుడు ఆ గ్రౌండులో పరిగెత్తిన పిల్లే.

"రేపు ఓట్లు కదమ్మా. గెలుస్తారా?"

ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. "తొమ్మిదేళ్లు గొంతు చించుకున్నాను మామా. మావాళ్లు ముగ్గురు రిటైరయ్యారు, ఇద్దరు అటు దూకారు. నీడ ఎంతదాకా వచ్చింది?"

"మా గోడకి ఇంకో రెండడుగులండీ."

"మరి నన్నెందుకు అడుగుతావు?" అంది, కోపం లేకుండానే. ఆయన చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

మర్నాడు తొమ్మిదింటికి నీడ గోడ మొదలు తాకింది. ఆయన సున్నం గీతల బండి తోసుకుంటూ గోడ వెంట గీత గీస్తూ వచ్చాడు. నీడలో, అలవాటుకొద్దీ, భార్య కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంది.

"జరగనా?" అంది కళ్లు తెరవకుండానే.

లేవాలంటే ఆమెకి ఎంత తంటానో ఆయనకి తెలుసు. "వద్దులే, కూర్చో," అని బండిని కుర్చీ ముందునుంచి చుట్టూ తిప్పి మళ్లీ గోడ దగ్గరికి తెచ్చాడు. ముప్పై ఏళ్లలో ఆయన గీసిన మొదటి వంకర గీత అది. చెరిపేద్దామని వంగేలోపే నీడ మెల్లగా ఆ గీత అవతలికి తప్పుకుంది. కుర్చీ మీద ఎండ పడింది.

కాసేపటికి రిజిస్ట్రారు గారు రిజిస్టరు కోసం వచ్చారు. "ఇదేంటయ్యా, లైను వంకరపోయింది?"

"నీడ ఎలా ఉంటే అలా గీయమన్నారు కదండీ."

ఆయన కిందికి చూశారు. నీడ నిజంగానే అలా ఉంది. మీటింగుకి వేళవుతోందని సంతకం పడేసి వెళ్లిపోయారు.

రెండు ఓట్ల తేడాతో స్టేడియం గెలిచింది. ఇంజనీర్లు ఆ రిజిస్టరు ముందు పెట్టుకునే ప్లాను గీశారు. నీడలో లేనిది గోడలో ఎలా పెడతామంటూ, ఆ ఇంటికి ఎదురుగా కట్టడంలో పైనుంచి కిందిదాకా ఒక కుర్చీ వెడల్పు సందు వదిలేశారు. మూడేళ్లకి పూర్తయింది. మిగతా రోజులు పిల్లలవన్న మాట ఏ ఫైల్లో ఉందో ఎవరికీ దొరకలేదు. కొత్త గడ్డి ప్లాస్టిక్‌ది, గీతలు దాంతోపాటే వచ్చాయి. సున్నం మామని గేటు దగ్గర కూర్చోబెట్టారు. చరిత్ర మేడమ్ అటు రావడమే మానేసింది.

ఇప్పుడు ఆ వరస ఇళ్లన్నీ పొద్దున్నే చలికి ముడుచుకుని ఉంటాయి. తొమ్మిదింటికి మాత్రం సందులోంచి ఎండ వచ్చి ఒక్క కుర్చీ మీద పడుతుంది. ఆమె వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి, సూదిలో దారం ఎక్కుతుంది. గేటు పనికి వెళ్లేముందు ఆయన పక్కనే మెట్టు మీద, నీడలో, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంటాడు.

"ఇంకో కుర్చీ పట్టేంత గీసుంటే నీ సొమ్మేం పోయేదయ్యా?" అందామె ఒకరోజు.

"అప్పుడు నువ్వొక్కదానివే కనిపించావే."

ఆమె సూది బట్టలో గుచ్చి పక్కన పెట్టింది. సున్నానికి పగిలిన ఆయన చెయ్యి లాగి, తన ఒళ్లో ఎండ పడేచోట పెట్టుకుంది.