ఫొటోలో లేని మంద

ఎల్లారెడ్డి కోర్టు వరండాలో బీరయ్యను బేడీలతో నిలబెట్టారు. భుజం మీద గొంగడి. కాళ్లకు చెప్పులు లేవు. అతని భార్య చిన్నవ్వ రొట్టెల మూట పట్టుకుని కానిస్టేబుల్‌ను బతిమాలుతోంది.

"సారూ, నిన్నటి సంది ఏం తినలే. రెండు ముక్కలు తిననియ్యి."

"దూరం జరుగు!" కానిస్టేబుల్ మూటను తోసేశాడు. రొట్టెలు మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్లు ఇరవై మంది చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

రెండడుగుల దూరంలో నల్ల కోటు వేసుకుని నిషాత్ నిలబడి ఉంది. ఆమె చంకలో క్వారీ కంపెనీ ఫైలు ఉంది.

బీరయ్య ఆ కోటును చూశాడు.

"బిడ్డా, నువ్వు వకీలువా? ఒక్క మాట అడుగుత. నేను గుట్ట మీద గొర్లు కాస్తున్న. లీడర్‌నని కాయితంల ఎవరు రాసిండ్రు? మా ఊళ్లె నా మాట గొర్లు తప్ప ఎవరింటరు?"

నిషాత్ తల దించుకుంది. రాసింది ఆమే.

గాంధారి అవతల ఆ గుట్టను కంపెనీ రెండేళ్లుగా పేలుస్తోంది. గోడలు పగిలాయి. బావులు ఎండాయి. ఊరివాళ్లు లారీలకు అడ్డం కూర్చుంటే కంపెనీ కోర్టుకెక్కింది. ఆ ఫైలు హైదరాబాద్‌లో నిషాత్ పనిచేసే పెద్ద లా ఆఫీసుకు వచ్చింది. కంపెనీ పంపిన ఫొటోల్లో ఒకదానిలో బీరయ్య కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని చుట్టూ మంద.

"ఈ గొర్రెలు కనబడితే జడ్జి నవ్వుతాడు నిషాత్. మనిషి, కర్ర ఉంటే చాలు" అన్నాడు ఆఫీసులో ఆమె సీనియర్ లాయరు.

ఆమె గొర్రెలను కత్తిరించేసింది. కింద 'కర్రతో కూలీలను బెదిరిస్తున్న నాయకుడు' అని ఇంగ్లీషులో టైపు చేసింది. టీ చల్లారేలోపు అయిపోయిన పని. దాన్ని నమ్మి కోర్టు, గుట్ట మీదికి ఎవరూ పోకూడదని ఆర్డరిచ్చింది. ఆ ఆర్డరును ఊళ్లో ఎవరూ చదివి చెప్పలేదు. బీరయ్య ఎప్పటిలాగే మందను తోలుకుపోయాడు. ఆ పొద్దే పట్టుకున్నారు.

వరండాలోంచి లోపలికి తీసుకెళ్లినా బీరయ్యకు బెయిలు రాలేదు. జీపు నిజామాబాద్ జైలుకు కదిలింది.

మెట్ల దగ్గర సాయికిరణ్ ఎదురయ్యాడు. లా కాలేజీలో ఇద్దరూ ఒకే క్లాసు. అతను ఎల్లారెడ్డిలోనే కోర్టు ముందు రేకుల షెడ్డులో బల్ల వేసుకుని ఊరివాళ్ల కేసు ఫీజు లేకుండా చూస్తున్నాడు.

"మన క్లాసులో నువ్వే ఫస్ట్. గిందుకేనా?" అన్నాడు.

"ఊరికే వాదించుడు ఇంట్ల పొలం ఉన్నోళ్లకు నడుస్తది. మా అమ్మి బీడీలు చుట్టి చదివించింది" అందామె. కాలేజీలో కూడా ఆమె ఎప్పుడూ ఇదే మాట అనేది. అతను వంగి మెట్ల మీది రొట్టెలు ఏరుతున్నాడు. ఆ పని కూడా తాను చేయలేదని నిషాత్‌కు అప్పుడు తట్టింది.

సీనియర్ కారులో హైదరాబాద్ పోతూ నిషాత్ కామారెడ్డిలో దిగిపోయింది. ఇంట్లో తల్లి సయీదా చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నిషాత్ అంతా చెప్పింది.

సయీదా వేళ్లు ఆగాయి. "నీ నౌకరీ చూసి మన గల్లీల ముగ్గురు ఆడపిల్లలు కాలేజీల చేరిండ్రు బేటీ. కంపెనీల నౌకరీ చేసుడు తప్పని నేననను." చేతిలోని ఆకును చాటలో పడేసింది. "గానీ ఆ ఫొటో కోసిన చేతికి చదువు చెప్పించింది నేనే కద. నాకు అన్నం ఎట్ల దిగుతది?"

ఆదివారం ఊరి బడి ఆవరణలో, క్వారీ మీద పోరాటానికి ఊరివాళ్లు పెట్టుకున్న సంఘం మీటింగు జరిగింది. సాయికిరణ్ వెంట లా చదివే విద్యార్థులు కొందరు వచ్చారు. తల్లి మాట వెంటాడి నిషాత్ కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. సుష్మిత అనే విద్యార్థిని లేచింది.

"అవ్వా, మాది ఆఖరి ఏడాది. పెద్ద ఆఫీసుల్ల ఉద్యోగాలు పిలుస్తున్నయి. మీ అసుంటోళ్లకు ఊరికే సేవ చెయ్యాల్నా, ఉద్యోగాలల్ల చేరాల్నా? మీరే చెప్పుండ్రి."

"మాకు ఫుకట్ వకీలు వద్దు" అంది చిన్నవ్వ. జనం గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. "ఊరికే వచ్చినోడు ఊరికే పోతడు. ఎందుకు పోయినవని అడిగే హక్కు మాకుంటదా? సంఘం పెడితె తిను, సంఘం అడిగితె జవాబు చెప్పు. సేవ గాదు బిడ్డా, మాతోని ఉంటవా లేదా?"

"ఉద్యోగంల ఉండి కూడ సాయం చెయ్యొచ్చు కద?" సుష్మిత వదల్లేదు.

అప్పుడు నిషాత్ లేచింది. 

"చెయ్యొచ్చనే నేను కూడ అనుకున్న. బీరయ్య మామ పేరు కాయితంల రాసింది నేనే. ఫొటోల గొర్లను తీసేసింది నేనే."

 ఆవరణంతా లేచింది. "కంపెనీ మనిషి! మన ఊళ్లెకే వచ్చింది!" "బయటికి నూకుండ్రి!" పద్మలత అనే పడుచు ఆమె భుజం పట్టి గుంజింది. నిషాత్ విడిపించుకోలేదు.

"ఆగుండ్రి" అని చిన్నవ్వ దగ్గరికి వచ్చింది. "ఎందుకు చెప్పినవు? మాఫ్ చెయ్యాల్నని చెప్పినవా?"

"కాదవ్వా."

"అయితే మాకు చెప్పి ఏం ఫాయిదా? జడ్జికి చెప్పు."

సాయికిరణ్ ఆమెను పక్కకు పిలిచాడు. "సోంచాయించుకో. వకీలు పట్టా పోతది. దొంగ సాక్ష్యం కేసు నీ మీదికే వస్తది."

"గొర్లను తీసేసేటప్పుడు సోంచాయించాల్సిన మాట అది" అందామె. మర్నాడు ఉద్యోగానికి రాజీనామా రాసి పంపింది.

బుధవారం కోర్టు హాలు నిండిపోయింది. లోపల పట్టనివాళ్లు కిటికీల దగ్గర నిలబడ్డారు. నిషాత్ కోటు లేకుండా, సాక్షిగా బోనెక్కి, అసలు ఫొటో జడ్జి చేతికిచ్చింది. సీనియర్ లేచి అరిచాడు. "ఇది క్లయింటు రహస్యం! ఈమె వృత్తికే ద్రోహం చేస్తోంది!"

"రహస్యం కాదు సార్, మోసం. మీరు చెప్పారు, నేను చేశాను" అంది నిషాత్.

జడ్జి రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. బీరయ్యకు బెయిలిచ్చాడు. గుట్ట మీద ఆర్డరు సంగతి వచ్చే వాయిదాకు చూద్దామన్నాడు. తప్పుడు సాక్ష్యం తయారుచేసినందుకు నిషాత్ మీద కేసు పెట్టమన్నాడు. సీనియర్ పేరు ఎక్కడా ఎత్తలేదు.

సాయంత్రానికి బీరయ్య జైలు నుంచి విడుదలై, సంతకం పెట్టడానికి పోలీసు స్టేషన్‌కు వచ్చాడు. కేసు రాసుకోవడానికి పోలీసులు నిషాత్‌ను అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టారు. అతను ఆమె ఎదుట నిలబడ్డాడు.

"నేను లేకపాయె, గొర్లను ఇంటింటికి పంచి కట్టేసిండ్రంట. నాలుగు సచ్చినయి. మందంటే మనుషుల లెక్కనే బిడ్డా, విడదీస్తె బతకది." గొంగడి భుజాన సర్దుకున్నాడు. "అవి మళ్ల రావు."

నిషాత్ చేతులు జోడించబోయింది. అతను అప్పటికే బయటికి నడిచాడు. ఆమె చేతులు ఒడిలోనే ఉండిపోయాయి.

బయట రోడ్డు మీద ఊరు ఊరంతా నిలబడింది. సీఐ గేటు దగ్గరికి వచ్చాడు.

"బెయిలొచ్చింది కద, ఇంకేంది? ఇండ్లకు పోండ్రి."

"పోతం. గుట్ట మీదికెల్లి పోతం" అంది చిన్నవ్వ.

"ఆర్డరింక ఉన్నది. ఎక్కితే అందరి మీద కేసులైతయి."

"పేర్లు రాస్కో." ఆమె ముందుకు వచ్చింది. "చిన్నవ్వ."

"పద్మలత."

"కృపారాణి."

ఒక్కొక్కరే ముందుకొచ్చి చెబుతున్నారు. మొన్న కోర్టు వరండాలో నోరు విప్పని ఆడవాళ్లు వాళ్లు. స్టేషన్ రైటర్ కాగితం తిప్పాడు, ఇంకొకటి తీశాడు. బెంచీ మీద నిషాత్‌కు ప్రతి పేరూ వినబడుతోంది. తాను ఆ రోజు ఒక్కడి పేరు రాసింది, ఊరంతా భయపడి ఇళ్లలో కూర్చోవాలనే.

"మీ వకీలు ఎవరు?" విసుగ్గా అడిగాడు సీఐ.

సాయికిరణ్ చెయ్యెత్తాడు. అతని పక్కన సుష్మిత నోట్‌బుక్ తెరిచి, రైటర్ కంటే ముందే పేర్లు రాసుకుంటోంది.

"లోపల ఉన్న ఆమెకు?"

 చిన్నవ్వ కిటికీలోంచి లోపలికి చూసింది. ఆ చూపులో దయ లేదు.

"ఆమె తప్పు ఆమెదే. నేను మరువ" అంది. "గానీ ఆమెతోని ఆ పని చేయించినోడు బయట కార్ల తిరుగుతుండు. వాని పేరు కూడ రాసెదాంక ఆమె జమానతు, పూచీ సంఘానిది."

తర్వాత కొంగు బిగించి గుట్ట దారి పట్టింది. ఆమె వెనక బీరయ్య, బీరయ్య వెనక ఊరు.