మూడో అంతస్తులో నాన్న కోటు

బస్సు దిగగానే తమ్ముడు ఫెరిత్ నన్ను కావలించుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుని మా ఊరు కోర్చా నుంచి తెచ్చిన లక్రోర్ పళ్ళెం వాడి చేతికిచ్చాను. ఉల్లిపాయలూ టమాటాలూ పెట్టి పొరలు పొరలుగా కాల్చిన రొట్టె, వాడికి ప్రాణం.

"ఇంటికి పద. కాస్త వేడి చేసుకుని తిందాం."

"ముందు కాఫీ తాగుదాం అక్కా."

ఈ తిరానా నగరంలో కాఫీ వద్దనేవాళ్ళుండరు. తాగాను. నేనొచ్చిన పని కదా, కళ్ళ డాక్టరుకి చూపించాడు, మళ్ళీ కాఫీ. చెరువు గట్టున తిప్పాడు, మళ్ళీ కాఫీ. ఎక్కడ చూసినా కొత్త మేడలే. ఒకటి వంకరగా ఉంటే ఇంకొకటి మెలికలు తిరిగి ఉంది. లక్రోర్ మాత్రం గుడ్డ విప్పకుండా మా వెనకే తిరిగింది.

"నీ పెళ్ళాం మీరెలా ఏదిరా?"

"పనికెళ్ళింది."

"దీపాలు పెట్టే వేళయింది. ఇంకా పనేమిటి?"

వాడు అప్పటికే కలిపిన చక్కెరని మళ్ళీ కలిపాడు. "అక్కా, ఇంట్లో పైపులు పగిలి నీళ్ళు రావటం లేదు. నీకు హోటల్లో గది తీశాను."

ఆ మాటంటూ చెవి తమ్మె లాక్కున్నాడు. అబద్ధమాడినప్పుడు చిన్నప్పుడూ అంతే.

నాన్న పోయినప్పుడు ఆ ఇంట్లో నా సగం వాడికే రాసిచ్చాను. మాలో ఆడపిల్లలు చేసే పనే అది. వాటా వదులుకుంటే పుట్టింటి తలుపు మనకి ఎప్పుడూ తెరిచి ఉంటుంది. నాకు కావలసింది ఆ తలుపే. ఇప్పుడు అది కూడా మూసేశారా? ఇదంతా మరదలి పనే అయ్యుంటుంది, వీడు దాని కొంగు పట్టుకు తిరిగే రకం అనుకున్నాను. సొంత తమ్ముడున్న ఊళ్ళో హోటల్లో పడుకుంటే కోర్చాలో ఎవరికి చెప్పుకోను?

హోటల్ గదిలో జోళ్ళు విప్పితే అమ్మ గుర్తొచ్చింది. చుట్టాలు వస్తే వాళ్ళ జోళ్ళ మొనలు గుమ్మం వైపు తిప్పి పెట్టేది, వెళ్ళేటప్పుడు సులువుగా తొడుక్కుంటారని. ఇంట్లోవాళ్ళం, మావి మాత్రం ఎక్కడ విప్పితే అక్కడే పడి ఉండేవి.

పొద్దున్నే వాడికి చెప్పకుండా బయల్దేరాను. మరదలి ముఖం మీదే అడిగి కడిగేద్దామని. కానీ మా సందు కనపడదే! రొట్టెల కొట్టు లేదు, దానిమ్మ చెట్టు లేదు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగాక, అస్థిపంజరంలా నిలబడి ఉన్న సిమెంటు కట్టడం ఒకటి కనిపించింది. మూడో అంతస్తులో దిష్టిబొమ్మ వేలాడుతోంది. దాని ఒంటి మీద బూడిద రంగు కోటు, మోచేతికి ఎర్రటి అతుకు. ఆ అతుకు వేసింది నేనే. వేరే రంగు గుడ్డ దొరక్క వేస్తే నాన్న ఏడాది పాటు వేళాకోళం చేశాడు.

ఫెరిత్‌కి ఫోన్ చేశాను. "మన ఇంటి ముందున్నాను" అన్నాను.

పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో లక్రోర్ పళ్ళెం.

"ఇల్లు కూల్చనిస్తే రెండు ఫ్లాట్లు ఇస్తానన్నాడక్కా, బిల్డరు. సందులో అందరూ సంతకం పెట్టారు. ఇంతవరకూ లేపి పని ఆపేశాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అయ్యాక చూపిద్దామనుకున్నా."

"మీరెక్కడుంటున్నారు?"

"నేలమాళిగలో గది ఒకటి. మంచం వేస్తే నడవటానికి చోటుండదు. మీరెలా నిన్నంతా ఏడుస్తూనే ఉంది, వదినకి ఏ ముఖం చూపించనని. అక్కడ నిన్నెక్కడ పడుకోబెట్టను?"

"నేల మీద."

"అతిథిని నేల మీదా?"

"నేనెప్పుడు అతిథినయ్యానురా వెధవా!" అని అరిచాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ.

నా కోపం చల్లారలేదు. మరదల్ని రాత్రంతా తిట్టుకున్నందుకు సిగ్గేసింది, అయినా చల్లారలేదు. పైకి తీసుకెళ్ళమన్నాను. చేతి ఆసరా లేని మెట్లెక్కి మూడో అంతస్తుకి చేరాం. గోడకి మనిషి పట్టేంత కంత ఉంది, తలుపు లేదు.

"ఇదేనక్కా మనది. కిటికీ పక్కది నీ గది."

గదీ లేదు, కిటికీ లేదు. నాన్న కోటు మాత్రం గాలికి ఊగుతోంది. గుమ్మం ఉండాల్సిన చోట ఆగి, అలవాటు కొద్దీ జోళ్ళు విప్పాను. సిమెంటు చల్లగా తగిలింది.

ఫెరిత్ పళ్ళెం కింద పెట్టి, వంగి, నా జోళ్ళ మొనలు బయటికి తిప్పబోయాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా" అన్నాను.