రెండు మేకులు

బస్తాలో కొక్కెం దిగగానే కట్టయ్య మోకాళ్లు కొద్దిగా వంచి వీపు అప్పగించాడు. వెనక నుంచి సాయిలు ఎత్తాడు. పత్తి బస్తా వీపు మీదికి జారి కుదురుకుంది. వరంగల్ మార్కెట్లో ఈ పనికి దిగినప్పుడు కట్టయ్యకు మీసం రాలేదు. ఇప్పుడు ఉన్న మీసం తెల్లబడింది. మెడ వెనక చర్మం కాయగట్టి చెప్పు అట్టలా ఉంది. ఎర్రచొక్కా భుజం దగ్గర చిరిగి లోపలి బనీను కనిపిస్తోంది.

షెడ్డు స్తంభానికి పక్కపక్కనే రెండు మేకులు. వాళ్ల నాయిన కొట్టినవి. ఒకటి కట్టయ్య కొక్కేనికి, రెండోది తమ్ముడు యాదగిరి కొక్కేనికి. యాదగిరి ఎర్రజెండా సంఘం వదిలి, కాషాయ కండువా వాళ్ల సంఘంలో చేరి అవతలి షెడ్డుకు మారాడు. కొక్కెం మాత్రం ఈ మేకుకే తగిలిస్తాడు. పొద్దున వచ్చి తీసుకుంటాడు, సాయంత్రం వచ్చి పెట్టిపోతాడు. అన్న వైపు చూడడు.

నాయిన పోయిన రోజు నుంచి మాటల్లేవు. శవం మీద ఎర్రజెండా కప్పారు. దానికి యాదగిరి ఏమీ అనలేదు. దారిలో దింపుడు కల్లం దగ్గర మాత్రం పాడె దించమన్నాడు. అక్కడ దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా మిగిలి ఉంటే పలుకుతారని.

"సచ్చినోడు పలుకుతడారా? నాయిన గిసొంటియి నమ్మిండా? నడువుండ్రి," అన్నాడు కట్టయ్య.

పాడె ఆగలేదు. యాదగిరి దాని వెంటే నడిచాడు. ఇంటికొచ్చాక గోడ అవతల పొయ్యి వేరు పెట్టుకున్నాడు.

"మీ తమ్ముడు ఇయ్యాల జర డల్లుగున్నడు," అన్నాడు సాయిలు చాయ్ తాగుతూ. "ఎవలతోని లొల్లి గూడ పెట్టుకుంటలేడు."

"నాకెందుకు చెప్తానవ్?"

"నీకు గాకపోతే ఎవలికి చెప్పాలె? మొఖం ఇటు పెడ్తవ్, చెవులు ఆడనే పెడ్తవ్."

కట్టయ్య బీడీ ఆర్పి లేచాడు.

మధ్యాహ్నం అవతలి షెడ్డు దగ్గర మనుషులు గుమిగూడారు. యాదగిరి బస్తాలకు ఆనుకుని కూర్చుని నీళ్లు అడిగాడట. తెచ్చేలోపే ప్రాణం పోయింది. కట్టయ్య వెళ్లి చూశాడు. ఆటోలో పడుకోబెడితే కాళ్లు బయటికి వచ్చాయి. వాటిని మడిచి లోపల పెట్టాడు. ఆటో దవాఖానకు పోయింది. యాదగిరి కొక్కేన్ని ఎవరో సాయిలుకు ఇస్తే, తెచ్చి మేకుకు తగిలించాడు.

లారీ ఇంకా సగమే నిండింది. కట్టయ్య వచ్చి వీపు వంచాడు.

"ఇగ నువ్వు ఇంటికి పో అన్నా, నేను చూసుకుంట," అన్నాడు సాయిలు.

"ఎత్తు," అన్నాడు కట్టయ్య.

లారీ నిండాకే ఇంటికి పోయాడు.

పొద్దు వాలే వేళకు యాదగిరి పాడె లేచింది. పైన కాషాయ జెండా. ఎర్ర కండువాల వాళ్లు కొంచెం దూరంగా, వెనక నడుస్తున్నారు. దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. యాదగిరికి కొడుకుల్లేరు. అందరూ కట్టయ్య వైపు చూశారు.

"ఆయన పిలువడు. ఆయన పార్టీల గియ్యి నడువయ్," అన్నాడు కాషాయ కండువాల్లోంచి ఒకతను.



"పిలువు బావా," అంది యాదగిరి భార్య చిలుకమ్మ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "మామను పిలువనియ్యలేదని సచ్చేదాక కుమిలిండు. నీకు నమ్మకం లేకుంటే మానె. ఆయనకుండె."

కట్టయ్య మోకాళ్లు వంచాడు, బస్తాకు వంచినట్టే. తమ్ముడి చెవి చల్లగా ఉంది.

"యాదీ," అన్నాడు. ఇన్నేళ్లకు నోట్లోంచి వచ్చిన పేరు బొంగురుగా పలికింది. "యాదీ."

మూడోసారి కూడా పిలిచాడు. పిలిచి లేవలేదు. తన చెవి తమ్ముడి నోటి దగ్గర పెట్టి అట్లాగే ఉన్నాడు. పలుకుతాడని నమ్మలేదు. అయినా ఉన్నాడు. చివరికి సాయిలు వచ్చి రెక్క పట్టుకుని లేపాడు.

"లేపుండ్రి," అన్నాడు కట్టయ్య, పాడె మోసేవాళ్లతో.

దినాలు అయ్యాక మార్కెట్‌కు వచ్చాడు. స్తంభం దగ్గర ఆగి తన కొక్కెం తీసుకున్నాడు. పక్క మేకుకు రెండోది అట్లాగే వేలాడుతోంది, మొనకు ఇంత పత్తి పోగు అంటుకుని.