ఒనేలియా తిట్లు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, అయినా ఊరు నాకు మంచిదే. మా ఊరు పాల్మారితో బేస్‌బాల్ స్టేడియంలో మూడో బేస్ వెనక, మా జట్టు కూర్చునే గూటికి సరిగ్గా పైన, ఇనుప వలని ఆనుకుని నా చోటు. అక్కడ ఎవరైనా కూర్చుంటే "లెగు లెగు, వదినొస్తోంది" అని పక్కవాళ్లే లేపేస్తారు. నేను వెళ్లని రోజు ఆట చప్పగా ఉంటుందట. ఎందుకంటే మా మేనేజర్ రెంబెర్తోని నా అంత గట్టిగా, నా అంత కమ్మగా తిట్టేవాళ్లు ఈ ఊళ్లో ఇంకొకరు లేరు. రెంబెర్తో నా మొగుడు.

పొద్దున్నే నేను రేషన్ రొట్టెల కొట్లో పనిచేస్తాను. రొట్టె కోసం వరసలో నిలబడ్డ ప్రతివాడూ మేనేజరే. ఎవరిని ముందు బ్యాటింగుకి దింపాలో, బంతి విసిరే పిచర్‌ని ఎప్పుడు మార్చాలో వాళ్లకి తెలిసినంత దేవుడికి కూడా తెలియదు. ఆ ఏడాది మొదటి దశలో ఆఖరి ఆట రోజు పొద్దున కూడా అదే గోల. గెలిస్తే పై దశకి వెళతాం, ఓడితే ఇంటికి. ఎదుటి జట్టు రాజధాని హవానాది.

"అందరికన్నా బలంగా కొట్టేవాడు దిగాల్సిన చోట, నాలుగోవాడిగా, యోస్బెల్‌ని దింపుతాడా ఎవడైనా? వాడి చేతులు చూశావా వదినా? చెరకు పుల్లలు," అన్నాడు చిచో. బస్సు డ్రైవరు. ఇంధనం లేక బస్సు కదలదు కాబట్టి పొద్దస్తమానం ఖాళీ. ఆట ఉన్న రోజు డప్పు వాయిస్తాడు.

"నన్నడుగుతావేం? వెళ్లి ఆ గాడిదనడుగు," అన్నాను.

వరసంతా నవ్వింది. వెనకనుంచి రిటైరైన లెక్కల మాష్టారు దెల్ఫీన్ అందుకున్నాడు. "గుడ్డి కన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. మీ ఆయన ఎంపికలూ అంతేనమ్మా."

ఆయనకి మాడిన రొట్టె ఏరి ఇచ్చాను. నవ్వుతూనే ఇచ్చాను.

మాష్టారికి తెలియదు. ఎవరికీ తెలియదు. రెంబెర్తోకి చక్కెర జబ్బు కళ్లకి పాకింది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. బంతి విసిరే మట్టి దిబ్బ మీద పిచర్ ఉన్నాడో లేడో కూడా ఆయనకి అనుమానమే. యోస్బెల్‌ని నాలుగోవాడిగా ఎందుకు దింపాడంటే, ప్రాక్టీసులో వాడి బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు విని. "ఆ చప్పుడు నేనాడే రోజుల్లో ఇద్దరి దగ్గరే విన్నానే" అన్నాడు నాతో. ఆ చెరకు పుల్లే మమ్మల్ని ఆఖరి ఆట దాకా మోసుకొచ్చింది. అయినా వరసలో ఎవడూ ఒప్పుకోడు.

బ్యాటర్లని చెవితో ఎంచుకోవచ్చు. పిచర్ అలిసిపోయాడో లేదో చెవికి తెలియదు. అది నేను చూస్తాను. చూసింది తిట్టుగా మార్చి అరుస్తాను. "ముసలి గాడిదా, నిద్ర లే" అంటే పిచర్ పని అయిపోయింది, మార్చమని. "ఇంటికి పోయి చిక్కుళ్లు ఉడకబెట్టుకో" అంటే బాగానే ఉన్నాడు, వదిలెయ్యమని. స్టేడియంలో మేనేజర్ని తిట్టే గొంతుల మధ్య ఒక గొంతుని ఎవరు పట్టుకుంటారు? మొదలుపెట్టేది నేను, అందుకునేది జనం. ఆయన అందులోంచి తనకి కావలసింది తీసుకుంటాడు. రెండు సీజన్లు ఇలాగే నెట్టుకొచ్చాం.

ఆయన సహాయకుడు ఆర్సెనియోకి చెప్పొచ్చుగా అనుకుంటారేమో. ఆర్సెనియో ఆ మేనేజర్ కుర్చీ కోసం గోతికాడ నక్కలా కాచుకుని ఉన్నాడు. వాడికి తెలిస్తే సాయంత్రానికి క్రీడా కార్యాలయానికి తెలుస్తుంది. వాళ్లు ఒక పూలగుత్తీ ఒక ప్రశంసా పత్రమూ చేతిలో పెట్టి ఇంటికి పంపుతారు. ఇంటికొస్తే ఆ మనిషి బతకడు. ఇది పెళ్లాం బెంగతో అంటున్న మాట కాదు. ఆటలు లేని నెలల్లో గోడవైపు తిరిగి పడుకుని, అన్నం పెడితే తిని, పెట్టకపోతే అడగని మనిషిని నేను చూశాను. మైదానం గడ్డి వాసన తగిలితేనే ఆయన మళ్లీ మనిషవుతాడు.

రొట్టెలు అయిపోయి కొట్టు మూస్తుంటే చిచో వెనక్కి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వదినా, నీకో కానుక. ఇవాళ నీ మాటే మా పాట. 'ముసలి గాడిదా, నిద్ర లే' ఉంది చూడు, దానికి దరువు కట్టాను. మన గ్యాలరీ మొత్తానికీ నేర్పేశాను. ఆఖర్న తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా దాచి అప్పుడు వదుల్తాం."

"వద్దు చిచో. అది పాత తిట్టు. వేరేది ఇస్తాను, ఇంకా ఘాటైంది."

"అదేంటి వదినా, అందరికీ అదే నచ్చింది."

"నాకు నచ్చలేదు. నా మాట మీద నాకు హక్కు లేదా?"

"ఒకసారి నోట్లోంచి వచ్చాక ఊరిదే," అని నవ్వుతూ పోయాడు. ఇంకేం చెప్పను? నిజం చెబితే నేనే ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టినట్టు.

రెంబెర్తో పొద్దున్నే జట్టుతో వెళ్లిపోయాడు. ఆటకి ముందు ఒక్క ముక్క చెవిన వేద్దామని స్టేడియానికి పరుగెత్తాను. జట్టు గది ముందు క్రీడా కార్యాలయం వాళ్లు ఇస్త్రీ చొక్కాలేసుకుని నిలబడ్డారు. కాపలావాడు అడ్డం తిరిగాడు. "ఇవాళ ఎవర్నీ పంపొద్దన్నారు వదినా. ఆట అయ్యాక తీరిగ్గా తిడుదువుగాని." చేతులు పట్టుకుని బతిమాలాను. వాడికదీ హాస్యంగానే ఉంది. ఊళ్లో అందర్నీ నవ్వించిన మనిషికి ఏడుపొస్తే ఎవరూ నమ్మరు.

ఇక చేసేదేం లేక నా చోట్లో కూర్చున్నాను. లైట్లు లేవు గనక ఆట మధ్యాహ్నమే. ఎండ కళ్లలో పొడుస్తోంది. పిచింగ్ యాదియెల్‌ది, పొడుగు కాళ్ల మనిషి. వాడు అలిస్తే ముందుకు వేసే కాలు పైకి లేవదు. నేను చూసేది ఆ మోకాలినే. ఆరో ఇన్నింగ్స్‌లో యోస్బెల్ బంతిని కంచె దాటించాడు. ఆ చప్పుడు నాకూ వినబడింది, పలక పగిలినట్టు. ఒక్క పరుగు ఆధిక్యం. చిచో లేచి గంతులేశాడు. "ఆ పుల్లగాడు కొట్టాడ్రా, మేనేజర్‌తో పనేముంది" అని ఎవడో అన్నాడు. అదీ మా ఊరి న్యాయం, గెలిస్తే ఆటగాడు, ఓడితే మేనేజరు.

ఏడు, ఎనిమిది గడిచాయి. "చిక్కుళ్లు ఉడకబెట్టుకో" అని నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన యాదియెల్‌ని వదిలేస్తూనే ఉన్నాడు. గ్యాలరీకి అది నచ్చలేదు. "పిచర్‌ని మార్చడేం? ఎన్ని బంతులేయిస్తాడు?" అని గోల. మార్చడానికి మిగిలినవాడు ఓస్మెల్ ఒక్కడే. నిన్ననే నాలుగు ఇన్నింగ్స్ వేసి, ఇవాళ భుజానికి కట్టుతో కూర్చున్నాడు. ఆ కట్టు జనానికి కనబడదు, వాళ్లు చూడరు కూడా.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఇద్దరు అవుటయ్యారు. మూడోవాడు రెండో బేస్ దాకా చేరాడు. ఆర్సెనియో ఒకసారి దిబ్బ దగ్గరికి వెళ్లి యాదియెల్‌తో మాట్లాడి వచ్చాడు. అదే ఇన్నింగ్స్‌లో గూట్లోంచి ఎవరైనా రెండోసారి తెల్లగీత దాటి దిబ్బ దగ్గరికి వెళితే పిచర్ దిగిపోవాల్సిందే, అది నియమం. యాదియెల్ మోకాలు చూశాను. ఎప్పట్లాగే ఛాతీదాకా లేస్తోంది. బంతి బ్యాటుకి అందనంత కిందికి పడుతోంది. ఇంకొక్కడు అవుటైతే ఆట మాదే, ఒక్కడే.

అప్పుడు చిచో డప్పు మోగింది.

"ముసలి గాడిదా, నిద్ర లే. ముసలి గాడిదా, నిద్ర లే."

గ్యాలరీ మొత్తం లేచి నిలబడి అందుకుంది. వాళ్లకి నిజంగానే పిచర్ మారాలి, భయం వాళ్లది. నేను వల పట్టుకుని "చిక్కుళ్లు ఉడకబెట్టుకో" అని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అరిచాను. పక్కనున్న ఆవిడ నా భుజం తట్టి "నువ్వూ పాడు అక్కా" అంది.

గూట్లోంచి రెంబెర్తో లేచాడు. టోపీ సర్దుకున్నాడు. నేనే అన్నాననుకున్నాడు. ఎప్పుడూ మొదలుపెట్టేది నేనేగా. తలవంచుకుని, కాళ్లకి అలవాటైన దారిలో దిబ్బవైపు నడవడం మొదలెట్టాడు. జనం ఇంకా రెచ్చిపోయారు. తమ మాట నెగ్గిందని చప్పట్లు. అవతల ఓస్మెల్ కట్టున్న భుజాన్ని తిప్పుకుంటూ లేచాడు, వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపు," అన్నాను చిచోతో. వాడు కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. డప్పు లాగాను. రాలేదు. అప్పుడు కాలెత్తి డప్పు మీద తొక్కాను. తోలు చిరిగి నా పాదం లోపలికి దిగింది. దరువు లేకపోయేసరికి పాట చెదిరింది, అక్కడక్కడా నాలుగు గొంతులు మిగిలాయి. అన్నాళ్లూ దాచింది దాచి ఆటని వదిలేయనా, ఆటని దక్కించి ఆయన్ని బయటపెట్టనా అని ఆలోచించే తీరికే లేదు. ఆయన కాలు గీత దగ్గరికి వచ్చేసింది. దాటితే ఓడతాడు. నా వల్లే ఓడానని కాదు, తన వల్లే ఓడానని చచ్చేదాకా అనుకుంటాడు.

"రెంబెర్తో, ఆగు. అన్నది నేను కాదు."

లేచిన కాలు గాల్లోనే ఆగింది. ఆయన వెనక్కి తిరిగాడు. తిరిగి, నావైపు కాదు, పక్క గ్యాలరీవైపు చూశాడు. అక్కడ ఎవరో కొబ్బరి మిఠాయి అమ్ముకునే మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన ఆ మనిషిని చూస్తూ అడిగాడు.

"ఒనేలియా? ఎక్కడున్నావే?"

గ్యాలరీలో మిగిలిన నాలుగు గొంతులూ ఆగిపోయాయి.

"ఇటు. ఎడమకి తిరుగు. ఇంకొంచెం. ఆఁ."

"యాదియెల్ ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు. మోకాలు ఎప్పట్లాగే లేస్తోంది."

"బంతి?"

"కిందికే పడుతోంది. వాడినే వెయ్యనీ."

"మరి నిద్ర లే అన్నావ్‌గా."

"జనం అన్నారు. నేననలేదు."

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. అంపైర్ మొహానికున్న ముసుగు తీసి చూస్తున్నాడు. గూట్లో ఆర్సెనియో తల దించుకున్నాడు. నక్క అనుకున్నాను వాణ్ణి, ఆ క్షణాన వాడు కూడా మనిషిలాగే కనిపించాడు. రెంబెర్తో గూటి గోడని చేత్తో తడుముకుంటూ మెట్టు దిగాడు. ఆ తడుముకోవడం అందరూ చూశారు.

"వదినా," అన్నాడు చిచో. చిరిగిన డప్పు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. "అన్నకి కనబడదా?"

ఆ మాట వెనక వరసకి, అక్కణ్ణించి పై వరసకి, అటు మొదటి బేస్‌వైపుకి పాకిపోవడం నాకు వినబడుతూనే ఉంది. ఇస్త్రీ చొక్కాలవాళ్లు ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకున్నారు. దెల్ఫీన్ మాష్టారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

యాదియెల్ బంతి వేశాడు. హవానావాడు బలంగా కొట్టాడు. బంతి మధ్య మైదానం మీదుగా ఎత్తుగా, చాలా దూరం పోయింది. నా ప్రాణం దానితోపాటే పోయింది. కంచె దాకా వెనక్కి పరుగెత్తి, వీపు కంచెకి తగిలేలా ఎగిరి మావాడు పట్టుకున్నాడు. ఆట అయిపోయింది. గెలిచాం.

ఎవరూ అరవలేదు. మొదటి బేస్ వైపు నాలుగు చప్పట్లు మొదలై, పక్కవాళ్లని చూసి ఆగిపోయాయి. స్టేడియంలో సగంమంది ఆ బంతిని చూడనే లేదు, ఆయన్నే చూస్తున్నారు. మా ఆటగాళ్లు కూడా గూట్లో లేచి నిలబడి ఆయన్నే చూస్తున్నారు. ఒక్కడూ నోరు తెరవలేదు.

రెంబెర్తో చెవి రిక్కించి కాసేపు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా బెంచీ మీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

"గెలిచాం రెంబెర్తో," అన్నాను వలలోంచి. నా గొంతు అప్పటికే బొంగురుపోయింది. "కంచె దగ్గర పట్టుకున్నాడు. గెలిచాం."

"ఊరుకోవే."

"ఒట్టు. గెలిచాం."

"నువ్వు నన్ను ఓదార్చకు," అన్నాడు తలెత్తకుండా. "గెలిస్తే వీళ్లు ఇలా ఊరుకుంటారా?"

నేను గ్యాలరీవైపు తిరిగాను. పొద్దున రొట్టె తీసుకున్న మొహాలే అన్నీ.

"అరవండ్రా," అన్నాను. "మీకు దణ్ణం పెడతాను, ఎవరైనా అరవండి. రోజూ తిట్టేవాళ్లేగా, ఒక్క తిట్టు తిట్టండి. ఆయనకి తెలియాలి."

చిచో నోరు తెరిచాడు, మాట రాక మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తక్కినవాళ్లు నన్ను చూడలేక తలలు దించుకున్నారు. కింద నా మొగుడు ఓడిపోయాననుకుని ఏడుస్తున్నాడు.